సీటు వచ్చింది, తిరుపతికి పోవాల. ఏమేం సర్దుకోవాలో చెప్పండి

మామిడితోట_పాప
ఆదివారం, రాత్రి 9:42

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది పీలేరు దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివినాను, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో. తిరుపతిలో డిగ్రీ సీటు వచ్చింది. బీఎస్సీ ఆనర్స్, బాటనీ మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే. అమ్మ, నాయన ఇద్దరూ తోటలోనే. ఎవరినైనా అడుగుదామంటే మా ఊర్లో చదువుకు తిరుపతి పోయినవాళ్ళు ఇద్దరే, వాళ్ళు ఇప్పుడు బెంగుళూరులో ఉండారు.

ఇంకా మూడు వారాలుంది. నాయన రోజూ "ఏం కావాల్నో చీటీ రాసిపెట్టుమ్మా, పీలేరు పోయినప్పుడు తెస్తా" అంటాడు. ఇప్పటికి బకెట్టు, మగ్గు, దుప్పటి, తాళం రాసినాను. ఆ కింద ఏం రాయాలో తెలీలేదు.

నిజం చెప్పాలంటే సామాన్ల గురించి కాదు నా భయం. క్లాసులో అంతా ఇంగ్లీషులోనే చెప్తారంట. కూర్చుని ఏమీ అర్థం కాకపోతే ఎట్లా అని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తా ఉండాను.

బైరాగిపట్టెడ_అక్క
ఆదివారం, రాత్రి 10:15

ముందుగా నీకు శుభాకాంక్షలు తల్లీ. ఇంగ్లీషు సంగతి ఇక్కడ బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు, చెప్తారు. నేను కాగితాల గురించి చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతినింది అక్కడే.

బకెట్టు తిరుపతిలో ఏ వీధిలో అయినా దొరుకుతుంది. ఆరో తరగతి స్టడీ సర్టిఫికెట్టు కావాలంటే మాత్రం మళ్ళా మీ ఊరి బడికే పోవాల. కాబట్టి చీటీలో అన్నిటికంటే పైన కాగితాలు రాయి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, రైస్ కార్డు, నీదీ అమ్మానాయనలదీ ఆధార్. ఒక్కోటి నాలుగు జెరాక్సులు. ఫోటోలు పది తీయించుకో. ఆదాయం సర్టిఫికెట్టుకు రేపే మీ ఊరి సచివాలయంలో దరఖాస్తు పెట్టు, ఆఖరి వారంలో అందరూ అక్కడే ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆధార్‌లో నీ పేరు, టెన్త్ మెమోలో నీ పేరు పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకో. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. నేను పట్టించుకోలేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు వెరిఫికేషన్‌లో నా దరఖాస్తు ఆగిపోయింది. ఒక సెమిస్టరంతా తిరిగినాను. మా నాయన కూలి వదులుకుని మూడుసార్లు తిరుపతికి వచ్చినాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధ.

బ్యాంకులో కూడా ఒకటి అడుగు. "ఆధార్ లింకు అయ్యిందా" అంటే అందరికీ అయ్యింది అనే చెప్తారు. "నా ఆధార్‌కు ఎన్.పి.సి.ఐ. మ్యాపింగ్ ఏ ఖాతాకు ఉంది" అని అడుగు. ఎన్.పి.సి.ఐ. అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ. ప్రభుత్వం వేసే డబ్బు ఆ మ్యాపింగ్ ఉన్న ఖాతాలోకే పోతుంది. ఎప్పుడో ఊర్లో తెరిచి మర్చిపోయిన ఖాతాకు ఉంటే డబ్బు దాంట్లో పడి ఉంటుంది, నీకు తెలీదు.

కుప్పం_బెంగుళూరు
ఆదివారం, రాత్రి 11:03

అక్క చెప్పిన స్టడీ సర్టిఫికెట్లు ఎందుకు అడుగుతారో కూడా తెలుసుకోమ్మా. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకు. మనకు లోకల్ అంటే శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం, రాయలసీమ జిల్లాలు, నెల్లూరు కలిపి. వరుసగా ఎన్నేళ్ళు ఇక్కడ చదివినావు అనేదే లెక్క.

మా కుప్పంలో దీంతో ఇబ్బంది పడేవాళ్ళు చాలామంది. నాయన బెంగుళూరులో పనికి పోతాడు, పిల్లోడు అక్కడే చదువుతాడు, తిరిగొచ్చి చూస్తే సొంత జిల్లాలోనే నాన్ లోకల్. నాకు అదే జరిగింది. మిగిలిన 15 శాతంలో పోటీ పడినాను. నీకు ఆ బాధ లేదు, అన్నీ పీలేరు దగ్గరే చదివినావు. ఇది చదివే వేరే తమ్ముళ్ళ కోసం రాసినాను.

సుద్దముక్క
సోమవారం, ఉదయం 6:20

నేను డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్తాను, ఇరవై ఏళ్ళు దాటింది. ఈ అమ్మాయి రాసిన చివరి మాటలు చదివాక ఊరుకోలేకపోయాను.

అమ్మా, 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. నీ క్లాసులో తెలుగు మీడియం నుంచి వచ్చేది నువ్వొక్కదానివే కాదు. నీ పక్క బెంచీలో కూర్చునే పిల్ల కూడా ఇదే భయంతో వచ్చి ఉంటుంది. ఆ పిల్లా చెప్పదు, నువ్వూ చెప్పవు. నాకు ప్రతి ఏడాదీ కనిపించే దృశ్యం ఇది.

నీకు విషయం రాకపోతే అది వేరే కష్టం. కానీ నీకు విషయం వచ్చు. దాని ఇంకో పేరు తెలీదు, అంతే. ఒక 200 పేజీల నోటు పుస్తకం కొనుక్కో. పేజీ మధ్యలో నిలువుగా గీత గీయి. ఎడమ పక్క నీ ఇంటర్ తెలుగు అకాడమీ పుస్తకంలోని మాట రాయి, కుడి పక్క దాని ఇంగ్లీషు మాట. కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్. బాష్పోత్సేకం, ట్రాన్స్‌పిరేషన్. ద్రవాభిసరణ, ఆస్మాసిస్. పత్రరంధ్రాలు, స్టొమాటా. దారువు, జైలం. కణజాలం, టిష్యూ. రోజుకు పది మాటలు చాలు. ఇరవై రోజుల్లో రెండు వందలవుతాయి. మొదటి సెమిస్టరు క్లాసులో కూర్చుని దారి తప్పకుండా వినడానికి ఆ రెండు వందలు గట్టి ఆసరా.

రాసేటప్పుడు మాటను విరిచి చూడు. ఫోటో అంటే గ్రీకులో వెలుగు, సింథసిస్ అంటే కూర్చడం. మన పెద్దలు కిరణజన్య సంయోగక్రియ అని పెట్టింది కూడా అదే అర్థంతో. బట్టీ పట్టినది పరీక్ష గదిలో జారిపోతుంది, విరిచి చూసినది జారదు.

ఇంకొకటి. మన సబ్జెక్టులో మొక్కల శాస్త్రీయ నామాలు లాటినువి. అవి కార్పొరేట్ కాలేజీలో ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లకు కూడా కొత్తే. అక్కడ అందరూ ఒకే గీత మీద నిలబడతారు. నువ్వు తోటలో పెరిగావు కాబట్టి రెండడుగులు ముందే ఉంటావు. తోటలో మీరు పీకి పారేసే కలుపు మొక్కలు ఒక పది తీసుకో. వేరు, పువ్వు ఉండేలా తీయి. పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టు, రెండు మూడు రోజులకోసారి పేపరు మార్చు. దీన్నే హెర్బేరియం అంటారు. తుమ్మి, ఉత్తరేణి, తంగేడుతో మొదలుపెట్టు.

మామిడితోట_పాప
సోమవారం, రాత్రి 8:55

సార్, మీ పోస్టు మూడుసార్లు చదివినాను. అమ్మకు కూడా చదివి వినిపించినాను. ఈ రోజు పది మాటలు రాసినాను. తుమ్మి, ఉత్తరేణి తెచ్చి పేపర్ల మధ్య పెట్టి మీద రుబ్బురాయి పొత్రం పెట్టినాను.

అక్కా, మీరు చెప్పినట్టే చూస్తే ఆధార్‌లో నా పుట్టిన తేదీ సరిగ్గానే ఉంది కానీ పేరులో ఒక అక్షరం తేడా ఉంది. రేపు నాయనతో ఆధార్ సెంటరుకు పోతా ఉండాను. మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.

ఇంకో మాట అడగాల. హాస్టల్ వద్దు, రోజూ బస్సులో పోయిరా అంటుంది అమ్మ. ఆడపిల్లలకు ఇప్పుడు బస్సు ఊరికే కదా అని. ఏం చెయ్యమంటారు?

పాకాల_ప్యాసింజర్
సోమవారం, రాత్రి 9:30

ఇది నాకు అనుభవం ఉన్న విషయం. మూడేళ్ళు పాకాల నుంచి తిరుపతికి రోజూ తిరిగి డిగ్రీ చదివినాను. కొన్నాళ్ళు రైలు, కొన్నాళ్ళు బస్సు. పాకాలకే నాకు ఒళ్ళు హూనం అయ్యేది. పీలేరు నుంచి అయితే భాకరాపేట ఘాటు దిగి, రంగంపేట, చంద్రగిరి మీదుగా రావాల. మీ పల్లె నుంచి పీలేరుకు ఇంకో బస్సు. పొద్దున ఆరుకు బయలుదేరితే రాత్రి ఏడుకు ఇల్లు చేరతావు. చదివేది ఎప్పుడు?

స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, నిజమే. మీ అమ్మ లెక్కలో తప్పు లేదు. కానీ బాటనీకి ప్రాక్టికల్స్ ఉంటాయి, అవి మధ్యాహ్నం పెడతారు. బస్సు పోతుందని ప్రాక్టికల్ మధ్యలో లేచిపోయిన రోజులు నాకు ఎన్నో. హాజరు 75 శాతం ఉండాల, లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంటుకూ ఇబ్బందే, పరీక్షకూ ఇబ్బందే.

శనివారం సాయంత్రం ఊరికి పోయి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేదానికి ఆ టికెట్టు లేని బస్సు వాడుకో.

ఇద్దరాడపిల్లల_అమ్మ
సోమవారం, రాత్రి 10:10

ఈ మాటలు మీ అమ్మకు వినిపించు తల్లీ. వదినా, నాది ములకలచెరువు పక్క. నా ఇద్దరు బిడ్డల్నీ తిరుపతిలో హాస్టల్లో పెట్టే చదివించినాను. పెద్దదాన్ని దింపిపెట్టి వచ్చినరోజు బస్సులో మదనపల్లె దాకా ఏడ్చుకుంటా వచ్చినాను. నీ భయం నాకు తెలుసు.

కాలేజీ హాస్టల్ దొరికితే మొదట అదే. టీటీడీ కాలేజీలకు సొంత హాస్టళ్ళు ఉండాయి, సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ హాస్టళ్ళు కూడా ఉండాయి, ఊరికే ప్రైవేటుకు పోవద్దు. ఏదీ దొరక్కపోతే ప్రైవేటు హాస్టల్ చూసుకోవాల. అప్పుడు నువ్వు స్వయంగా పోయి చూడు వదినా, ఫోన్లో మాట్లాడి డబ్బు కట్టద్దు. మధ్యాహ్నం పూట పో, బువ్వ పెట్టే టైముకు. ఓనరు పక్కన లేనప్పుడు అక్కడుండే పిల్లల్ని అడుగు. నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి, రాత్రి గేటు ఎప్పుడు వేస్తారు, జ్వరం వస్తే ఎవరు ఆస్పత్రికి తోడుపోతారు. మూడోది చాలామంది అడగరు. మా చిన్నదానికి రాత్రి పూట కడుపునొప్పి వస్తే పక్క గది పిల్లలే రుయా ఆస్పత్రికి ఆటోలో తీసుకుపోయినారు. వార్డెన్ పొద్దున వచ్చి అడిగింది. ఆ నెల్లోనే హాస్టల్ మార్చినాను.

ఇంకొకటి ఇంటి వాళ్ళను అడగాల, వాన కాలంలో ఈ వీధిలోకి నీళ్ళు వస్తాయా అని. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని కాలనీలు మునిగినాయో అందరం చూసినాం. మనకు పెద్ద వానలు నవంబరులోనే. నేల అంతస్తు గది చౌకగా వస్తుందని తీసుకోవద్దు.

బ్రహ్మోత్సవాలప్పుడు బస్సులన్నీ కొండకే పోతున్నట్టు ఉంటాయి. ఆ వారం ఊరికి రావాలంటే ముందే చెప్పమను, లేకపోతే బస్టాండులో నిలబడేదానికే సరిపోతుంది.

కట్టమంచి_చిత్తూరు
మంగళవారం, ఉదయం 11:48

అందరూ తిరుపతి తిరుపతి అంటున్నారు, నాకు కొంచెం నొప్పిగా ఉంది. పీలేరులోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. చిత్తూరులో పి.వి.కె.ఎన్. కాలేజీ ఉంది, నేను అక్కడే చదివినాను. ఇంట్లో తిని, పక్కన చదివి పైకొచ్చినవాళ్ళు లేరా? ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి మా ఊరివాడు. ఊరిని బట్టి చదువు రాదు. ఖర్చు ఆలోచించుకో చెల్లీ.

బైరాగిపట్టెడ_అక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:05

అన్నా, మీ మాటలో న్యాయం ఉంది. పీలేరు కాలేజీని నేనూ తక్కువ చెయ్యను. కానీ ఈ పాప తనకు కావాల్సిన మేజర్ ఎంచుకుంది, సీటు వచ్చింది, ఒప్పుకుంది. ఇప్పుడు అక్కడా ఇక్కడా అని మనసు చెదరగొట్టద్దు. ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945లో, యూనివర్సిటీ 1954లో పెట్టినప్పటి నుంచి సీమ పల్లెల పిల్లలు ఇట్లాంటి భయంతోనే వచ్చి చదువుకుని పోయినారు.

కుప్పం_బెంగుళూరు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

కాలేజీ మారే ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక మాట. మొదట నేను ఒక ప్రైవేటు కాలేజీలో చేరినాను. తర్వాత విడతలో ఇంకో చోట సీటు వస్తే ఒరిజినల్స్ ఇవ్వమని అడిగినాను. మొత్తం ఫీజు కడితేనే ఇస్తామన్నారు. అప్పటికి నాకు తెలీదు, 2018 అక్టోబరులోనే యూజీసీ, అంటే యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ, ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కాలేజీ ఒరిజినల్స్ తన దగ్గర పెట్టుకోకూడదు, చూసి సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయాల. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే ఫీజు దాదాపు మొత్తం వెనక్కి రావాల, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గుతుంది, ఆఖరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఆ కాగితం ప్రింటు తీసుకుని పోయి చూపిస్తే అప్పుడు ఇచ్చినారు. గొంతు పెంచాల్సిన పని కూడా రాలేదు.

కాళాస్త్రి_తమ్ముడు
మంగళవారం, సాయంత్రం 6:12

నేనూ ఈ ఏడే చేరతా ఉన్నాను, ఇంజనీరింగు. ర్యాగింగ్ ఉంటుందా? అన్నలు నవ్వి ఊరుకుంటున్నారు, ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

సుద్దముక్క
మంగళవారం, రాత్రి 7:40

నవ్వి ఊరుకునే విషయం కాదు బాబూ. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, జైలు శిక్ష ఉంది. చేరేటప్పుడు నీతో, మీ నాన్నగారితో ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రం తీసుకుంటారు. ఏదో కాగితం అని సంతకం పెట్టేయకు, చదువు. యూజీసీ ఉచిత ఫోను నంబరు 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫోనులో ఇప్పుడే సేవ్ చేసుకో. పేరు చెప్పి పలకరించడం వేరు, నిన్ను చిన్నబుచ్చడం వేరు. ఆ తేడా నీ మనసుకు వెంటనే తెలుస్తుంది. తెలిసిన రోజే ఒక మాస్టారికి చెప్పు, వారం ఆగకు.

మామిడితోట_పాప
బుధవారం, రాత్రి 9:20

అమ్మ హాస్టల్‌కు ఒప్పుకుంది. పెద్దమ్మ రాసింది వినిపిస్తే కళ్ళు తుడుచుకుని "ఆమె మన మాదిరే ఉండాదే" అనింది. శనివారం ఇద్దరం పోయి హాస్టళ్ళు చూసొస్తాం, బువ్వ టైముకే.

ఇప్పుడు వేరే దిగులు. డిగ్రీకి ల్యాప్‌టాప్ లేకపోతే కుదరదని ఎవరో నాయనకు చెప్పినారు. వడ్డీకి తెస్తానంటా ఉండాడు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయిన సంగతి మీ అందరికీ తెలుసు. కిలోకు ప్రభుత్వం 4 రూపాయలు కలిపితే గానీ కోత కూలి కూడా గిట్టుబాటు కాని పరిస్థితి. ఆ అప్పే ఇంకా తీరలేదు. నాయన ముఖం చూసి వద్దని చెప్పలేకపోతా ఉండాను, కావాలనీ చెప్పలేను.

పాకాల_ప్యాసింజర్
బుధవారం, రాత్రి 9:41

వద్దు. మీ నాయనకు నా మాటగా చెప్పు, దండం పెట్టి చెప్తా ఉన్నాను. వడ్డీకి తెచ్చి ల్యాప్‌టాప్ కొనద్దు.

సుద్దముక్క
బుధవారం, రాత్రి 10:05

బాటనీ మొదటి ఏడాదికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. నీకు కావలసింది తెల్ల కోటు, రికార్డు పుస్తకం, హెచ్.బి. పెన్సిళ్ళు, మంచి రబ్బరు, కోతలు కోయడానికి బ్లేడు, సూదులు ఉండే చిన్న డిసెక్షన్ పెట్టె. అన్నీ కలిపినా ల్యాప్‌టాప్ వడ్డీలో ఒక మూల. అవి కూడా కాలేజీలో చేరాక, మాస్టార్లు చెప్పాకే కొను.

కంప్యూటరు పని వస్తే కాలేజీ ల్యాబు ఉంటుంది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తారు, దాని రిపోర్టు నెట్ సెంటర్లో కొట్టించుకోవచ్చు. డిజిలాకర్‌లో నీ ఎ.బి.సి. (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ మాత్రం ఫోనులోనే తెరుచుకో, 12 అంకెలు ఉంటాయి, సబ్జెక్టులు పాసైతే వచ్చే నీ క్రెడిట్లు దాంట్లోనే జమ అవుతాయి. రెండో ఏడాదో మూడో ఏడాదో, ఇంట్లో కొంచెం తేలికపడ్డాక, పాతది ఒకటి చూసుకుందువు గాని.

మీ నాన్నగారికి ఇంకో మాట చెప్పు. ఆయన తోటలో ఉన్న చెట్టు పేరు మాంజిఫెరా ఇండికా. కూతురు చదవబోయేది ఆయనకు తెలియని చదువేమీ కాదు.

ఇద్దరాడపిల్లల_అమ్మ
గురువారం, ఉదయం 5:50

మా పెద్దదాని తెల్ల కోటు, డిసెక్షన్ పెట్టె ఇంట్లోనే ఉండాయి. అది జువాలజీ చదివింది. మీరు శనివారం తిరుపతికి వస్తారు కదా, మా చిన్నది అక్కడే ఉండాది, దాని చేత పంపిస్తాను. నంబరు ఇక్కడ రాయద్దు, మెసేజిలో పెట్టు తల్లీ. కోటు కొంచెం వదులవుతుందేమో, కుట్టించుకోవచ్చు.

మామిడితోట_పాప
(మూడు వారాల తర్వాత) శుక్రవారం, రాత్రి 9:15

హాస్టల్ నుంచి రాస్తా ఉండాను. రెండో అంతస్తు. సోమవారం చేరినాను. ఆధార్‌లో పేరు మారింది, కాగితాల దగ్గర ఎక్కడా ఆగలేదు. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేసినారు. ల్యాప్‌టాప్ కొనలేదు. తెల్ల కోటు చేతులు మడుచుకుంటే సరిపోయింది పెద్దమ్మా.

మొదటి రెండు రోజులు ఏడుపు వచ్చింది, నిజంగానే. మేడమ్ గారు వేగంగా చెప్తారు. సగం అర్థం అయ్యింది, సగం కాలేదు. మూడో రోజు నోటు పుస్తకం బెంచీ మీద పెట్టుకుని కూర్చున్నాను. పక్కన పుంగనూరు పిల్ల అది చూసి "నాకూ ఇస్తావా, రాసుకుంటాను" అనింది. ఆ పిల్లదీ తెలుగు మీడియమే సార్. ఇప్పుడు రాత్రి బువ్వ తిన్నాక ఇద్దరం కలిసి రాస్తాం. 240 మాటలైనాయి.

నిన్న ప్రాక్టికల్‌లో నా పేపర్ల కట్ట మేడమ్‌కు చూపించినాను. తుమ్మి ల్యూకాస్ ఆస్పెరా, ఉత్తరేణి అకిరాంథిస్ ఆస్పెరా. రెండిట్లోనూ ఆస్పెరా ఎందుకు మేడమ్ అని అడిగినాను. తెలుగులోనే అడిగినాను. ఆమె కూడా తెలుగులోనే చెప్పినారు, లాటిన్లో గరుకు అని అర్థమంట. ఇంటికి ఫోన్ చేసి నాయనకు చెప్తే "ఉత్తరేణి గరుకే కదమ్మా, పంచెకు పట్టుకుంటే వదలదు" అన్నాడు.

సార్, ఒక సందేహం. హాస్టల్ గోడ పక్కన ఒక మొక్క ఉంది. మోకాళ్ళకు పైన ఎత్తు. కాడ పట్టుకుంటే గుండ్రంగా లేదు, నాలుగు పలకలుగా ఉంది. సన్న నూగు. చిన్న ఊదా పువ్వులు. మా తోట పక్కన కూడా చూసినాను కానీ పేరు తెలీదు. ఇది ఏమిటి?

సుద్దముక్క
శుక్రవారం, రాత్రి 10:02

కాడ నాలుగు పలకలుగా ఉందని పట్టుకుని చూశావు కదా, అదే కావాలి. తుమ్మి కాడ గుర్తు తెచ్చుకో. తులసి, పుదీనా కాడలు కూడా చూడు. రేపు పొద్దున ఒక ఆకు నలిపి వాసన చూసి, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయో, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయో రాయి. పేరు నేను ఇప్పుడు చెప్పను.

మామిడితోట_పాప
శనివారం, ఉదయం 6:08

ఎదురెదురుగా ఉన్నాయి సార్. వాసన ఘాటుగా ఉంది, చేతికి అంటుకుని పోవడం లేదు. పుంగనూరు పిల్ల ఒక కొమ్మ తీసి పేపర్లో పెట్టింది.